ఓట్ల కెనడా వేరు, సీట్ల కెనడా వేరు

1980 ఫిబ్రవరి 18న కెనడాలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. పియెర్ ట్రూడో నాయకత్వంలోని లిబరల్ పార్టీ 147 స్థానాలతో పూర్తి మెజారిటీ తెచ్చుకుంది. ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ ప్రావిన్సులో 75 స్థానాలుంటే 74 ఆ పార్టీకే దక్కాయి. ఒంటారియోకు పడమరన ఉన్న నాలుగు ప్రావిన్సుల్లో కలిపి మాత్రం రెండే వచ్చాయి. ఆ రెండూ మనిటోబాలోనివి. సస్కాచువాన్, అల్బెర్టా, బ్రిటిష్ కొలంబియాల నుంచి అధికార పార్టీకి ఒక్క ఎంపీ కూడా లేడు.

పడమటి ప్రాంతానికి మంత్రివర్గంలో చోటు ఇవ్వాలంటే ట్రూడో ఎగువ సభ అయిన సెనేట్ వైపు చూడాల్సి వచ్చింది. కెనడాలో సెనేటర్లను ప్రజలు ఎన్నుకోరు, ప్రధాని సలహా మీద గవర్నర్ జనరల్ నియమిస్తారు. అలా నియమితులైన వారిలోంచే అల్బెర్టాకు చెందిన బడ్ ఓల్సన్, సస్కాచువాన్‌కు చెందిన హేజెన్ ఆర్గ్యూ మంత్రులయ్యారు. అదే ఏడాది అక్టోబరులో జాతీయ ఇంధన కార్యక్రమం వచ్చింది. దేశంలో చమురు ధరను ప్రపంచ ధర కంటే తక్కువగా కట్టడి చేసి, చమురు ఆదాయంలో కేంద్రం వాటా పెంచిన విధానం అది. చమురు అల్బెర్టాది. విధానాన్ని ప్రవేశపెట్టిన ఇంధన మంత్రి మార్క్ లాలోండ్ మాంట్రియల్ ఎంపీ. అల్బెర్టా ముఖ్యమంత్రి పీటర్ లాహీడ్ చమురు ఉత్పత్తికి కోత పెట్టి ఎదురు తిరిగారు. నలభై అయిదేళ్ళు గడిచినా అల్బెర్టాలో ఆ కార్యక్రమం పేరెత్తితే చాలు, వినేవాళ్ళ ముఖాలు మారిపోతాయి.

అయితే ఆ ఎన్నికల్లో ఓట్ల లెక్క వేరేలా ఉంది. ఒక్క సీటూ రాని ఆ మూడు ప్రావిన్సుల్లోనూ ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా లిబరల్ పార్టీకే ఓటేశారు. ఆ ఓట్లు పార్లమెంటు దాకా చేరలేదు. అటు క్యుబెక్‌లో ఎనిమిది మందిలో ఒకరు ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీకి ఓటేస్తే ఆ పార్టీకి ఒకే ఒక్క స్థానం వచ్చింది. 'పడమర అంతా కన్సర్వేటివ్, క్యుబెక్ అంతా లిబరల్' అన్న పటం ఆ రాత్రి తయారైంది. ఓటర్లు గీసినది ఆ పటంలో కొంతే. మిగతాది ఎన్నికల పద్ధతి గీసింది. ఎన్నికల పద్ధతి ప్రాంతాల మధ్య తేడాలను ఉన్నదానికంటే పెద్దవిగా చేసి చూపుతోందని రాజనీతి శాస్త్రవేత్త అలన్ కైర్న్స్ 1968లోనే వాదించారు. కెనడా ప్రాంతీయ రాజకీయాల గురించి ఏం చెప్పుకోవాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ప్రాంతాల మధ్య తేడాలు నిజం. వాటిని పార్టీల మధ్య గోడలుగా మార్చినది మాత్రం సీట్ల లెక్క.

ఓటు వేసే పద్ధతి తెలుగు పాఠకులకు చాలావరకు పరిచితమైనదే. నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత, సగం దాటాలన్న నియమం లేదు. 2025 నుంచి దిగువ సభలో 343 స్థానాలున్నాయి. ప్రధానిని ఎవరూ నేరుగా ఎన్నుకోరు. మనకు కొత్తగా అనిపించేది పోలింగ్ కేంద్రం లోపల కనిపిస్తుంది. ఓటింగ్ యంత్రం ఉండదు. కాగితం మీద అభ్యర్థుల పేర్లు ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి, పేరు కింద పార్టీ పేరు ఉంటుంది. గుర్తులు, ఫోటోలు ఉండవు. పేరు పక్కనున్న వృత్తంలో పెన్సిలుతో గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వేస్తారు. సాధారణంగా ఆ రాత్రే చేత్తో లెక్కిస్తారు. జాబితాలో పేరు లేకపోతే పోలింగ్ రోజునే అక్కడికక్కడ నమోదు చేయించుకోవచ్చు. చిరునామా రుజువు లేనివారికి అదే పోలింగ్ కేంద్రం పరిధిలోని మరో ఓటరు రాతపూర్వకంగా హామీ ఇవ్వవచ్చు. జైల్లో ఉన్నవారికీ ఓటుంది. పనిచేసేవారికి పోలింగ్ వేళల్లో వరుసగా మూడు గంటల ఖాళీ దొరికేలా యజమాని చూడాలని చట్టం చెబుతుంది. 2025లో ఈస్టర్ సెలవుల నాలుగు రోజుల్లో జరిగిన ముందస్తు పోలింగులోనే సుమారు 73 లక్షల మంది ఓటు వేసేశారు.

ఓటరుకు ఇంత సౌకర్యంగా ఉన్న ఈ ఏర్పాటులోనూ ప్రాంతీయ అసంతృప్తికి ఒక కారణం దాగి ఉంది. దేశం తూర్పు నుంచి పడమరకు ఆరు కాలమండలాల్లో పరచుకుని ఉంది. ఓట్ల లెక్కింపు తూర్పున ముందు మొదలవుతుంది. 343 స్థానాల్లో ఒంటారియోకు 122, క్యుబెక్‌కు 78, అంటే రెండింటికీ కలిపి 200. ఆ రెండింటి ఫలితాలు తేలేసరికి ప్రభుత్వం ఎవరిదో చాలాసార్లు తెలిసిపోతుంది. అప్పటికి బ్రిటిష్ కొలంబియాలో పెట్టెలు ఇంకా తెరుస్తూనే ఉంటారు. పడమటి కెనడావారి ఈ ఫిర్యాదు పాతదే. అందుకే పోలింగ్ వేళలను ప్రాంతాలవారీగా జరిపి, ముగింపు సమయాలు దగ్గరపడేలా చేశారు. తూర్పు ఫలితాలను పడమట పోలింగ్ ముగిసేదాకా ప్రసారం చేయకూడదన్న నిషేధం కూడా చాలాకాలం ఉండేది. ఇంటర్నెట్ వచ్చాక అది అమలు చేయలేనిదై, 2015 ఎన్నికల నాటికి రద్దయింది.

ఓటు ఎక్కడ పడితే ఎంత విలువ చేస్తుందో చూడాలంటే 2025లోని రెండు నియోజకవర్గాలు చాలు. అల్బెర్టాలోని బ్యాటిల్ రివర్–క్రోఫుట్ విశాలమైన గ్రామీణ నియోజకవర్గం. కన్సర్వేటివ్ నాయకుడు పియెర్ పొయిలీవ్ర ఏప్రిల్‌లో దేశ రాజధాని ఒట్టావా శివారులోని తన పాత స్థానం కార్ల్‌టన్‌లో ఓడిపోయాక, ఆగస్టు ఉప ఎన్నికలో ఇక్కడ పోటీ చేసి దాదాపు 80 శాతం ఓట్లతో గెలిచారు. గెలవడానికి అన్ని అక్కర్లేదు. సగానికి మించి పడిన ప్రతి ఓటూ పార్టీకి ఆదరణ చూపించిందే తప్ప అదనంగా సీటు తేలేదు. క్యుబెక్‌లోని తెరెబోన్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ న్యాయమూర్తి పర్యవేక్షణలో మళ్ళీ లెక్కిస్తే లిబరల్ అభ్యర్థి ఒకే ఒక్క ఓటు తేడాతో గెలిచినట్టు తేలింది. ఆ తర్వాత, క్యుబెక్‌లో మాత్రమే పోటీ చేసే బ్లాక్ క్యుబెక్వా పార్టీకి వేసి పోస్టులో పంపిన తన ఓటు కవరు తిరిగి వచ్చేసిందని ఒక ఓటరు బయటపెట్టారు. ఎన్నికల కార్యాలయం ఇచ్చిన కవరు మీద పోస్టల్ కోడ్ తప్పుగా ముద్రించి ఉంది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఒకచోట వేలకు వేలు ఓట్లు మిగిలిపోయాయి, మరోచోట చేరని ఒక్క కవరు ఎంపీ ఎవరన్న ప్రశ్ననే తెరిచి ఉంచింది.

బ్యాటిల్ రివర్–క్రోఫుట్ ఉప ఎన్నికలో మరో విశేషం ఉంది. పోటీ చేసినవారు 214 మంది. అన్ని పేర్లు ముద్రించడం కుదరక, ఓటరే అభ్యర్థి పేరు రాసే ఖాళీ పత్రం ఇచ్చారు. ఏప్రిల్‌లో కార్ల్‌టన్‌లో 91 పేర్లతో దాదాపు మీటరు పొడవున్న పత్రం మడవలేక ఓటర్లు అవస్థపడ్డారు. రెండుచోట్లా ఇది ఎన్నికల పద్ధతి మార్చాలని కోరే ఉద్యమకారుల నిరసన. వెయ్యి డాలర్ల డిపాజిట్ నిబంధనను అల్బెర్టా కోర్టు 2017లో కొట్టివేశాక నామినేషన్ వేయడం తేలికైంది. వారి కోరికలో న్యాయం ఉండవచ్చు. చూపు సరిగా లేని వృద్ధుడి చేతిలో మీటరు కాగితం పెట్టి ఆ న్యాయం సాధించాలనుకోవడం మాత్రం సమర్థించలేనిది.

క్యుబెక్ ఓటరు కదిలితే గుంపుగా కదులుతాడు. 1980లో 74 స్థానాలు లిబరళ్ళకు ఇచ్చిన ప్రావిన్సే 1984లో 58 స్థానాలు బ్రయన్ మల్రూనీ కన్సర్వేటివ్‌లకు కట్టబెట్టింది. 1993లో 54 బ్లాక్ క్యుబెక్వాకు ఇచ్చింది. 2011లో అంతకుముందు అక్కడ ఒకే ఒక్క సీటున్న వామపక్ష న్యూ డెమొక్రాటిక్ పార్టీకి, జాక్ లేటన్‌ను చూసి, 59 ఇచ్చింది. దీన్ని చపలత్వమనడం తేలిక, అది తప్పు కూడా. భాష, న్యాయవ్యవస్థ, సంస్కృతి వేరైన సమాజం ఒట్టావాలో తన మాట ఎవరు బాగా వినిపిస్తారా అని ప్రతిసారీ వెతుక్కుంటోంది. దొరికారనుకున్నప్పుడు అందరూ ఒకే వైపు మొగ్గుతున్నారు.

1993 ఫలితం తెలుగువారికి ఒక పాత సంగతిని గుర్తు చేయాలి. క్యుబెక్‌ను 'ప్రత్యేక సమాజం'గా గుర్తించే మీచ్ లేక్ ఒప్పందం 1990లో కుప్పకూలాక లూసియాన్ బుషార్ నాయకత్వంలో పుట్టిన బ్లాక్, ఒక్క ప్రావిన్సులోనే పోటీ చేసి, కెనడా పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షమైంది. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1984 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీచినప్పుడు, 30 స్థానాలతో అతి పెద్ద ప్రతిపక్షంగా నిలిచినది ఎన్టీఆర్ తెలుగుదేశం. రెండు పార్టీలకూ ఆయువుపట్టు ఒకటే: ఓట్లు ఒకే ప్రాంతంలో కుదురుకుని ఉండటం. దారులు మాత్రం వేరు. తెలుగుదేశం ఆత్మగౌరవం పేరు చెప్పినా దేశంలో భాగంగానే ఉండి, నేషనల్ ఫ్రంట్ నుంచి నేటి కూటమి దాకా ఢిల్లీ ప్రభుత్వాల్లో పాలుపంచుకుంది. బ్లాక్ లక్ష్యం క్యుబెక్ స్వాతంత్ర్యం. కేంద్రంలో ఇంతవరకు ఎవరి మంత్రివర్గంలోనూ చేరలేదు. 1995 అక్టోబరు రెఫరెండంలో వేరుపడవద్దన్నవారు 50.58 శాతం, పడాలన్నవారు 49.42 శాతం. దేశం విడిపోకుండా ఆగినది ఆ కాస్త తేడాతోనే.

ఓట్లు ఒకచోట ఉంటే సీట్లుగా మారతాయి, దేశమంతా పలచగా పరచుకుంటే ఆవిరైపోతాయి. 1993లో బ్లాక్‌కు 13.5 శాతం ఓట్లతో 54 స్థానాలు వస్తే, 16 శాతం తెచ్చుకున్న ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకు వచ్చినవి రెండు. అప్పటిదాకా దేశాన్ని ఏలిన పార్టీ అది. 2025లో లెక్క ఇంకా సూటిగా ఉంది. బ్లాక్‌కు, న్యూ డెమొక్రాటిక్ పార్టీకి వచ్చిన ఓట్లు దాదాపు సమానం, చెరో 6.3 శాతం. స్థానాలు బ్లాక్‌కు 22, న్యూ డెమొక్రాట్లకు 7. పన్నెండు స్థానాలు లేక పార్లమెంటులో వారి పార్టీ గుర్తింపు కూడా పోయింది. ఇలాంటి పద్ధతిలో దేశమంతటి కోసం మాట్లాడే చిన్న పార్టీ నష్టపోతుంది, ఒక ప్రాంతం కోసమే మాట్లాడే పార్టీ బతుకుతుంది. ప్రాంతీయ వాదాన్ని ఎన్నికల పద్ధతే పోషిస్తోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పడమర విషయంలో బయటివారు తరచూ పొరబడతారు. మనిటోబా, సస్కాచువాన్, అల్బెర్టాల ప్రెయిరీ మైదానాలు పుట్టుకతోనే కన్సర్వేటివ్ అని అనుకుంటారు. 1921లో రైతుల పక్షాన ప్రోగ్రెసివ్ పార్టీని పార్లమెంటులో రెండో స్థానానికి చేర్చినవి ఆ మైదానాలే. నేటి న్యూ డెమొక్రాట్లకు మాతృక అయిన సామ్యవాద పార్టీ 1932లో పుట్టిన ఊరు కాల్గరీ. 1944లో టామీ డగ్లస్ నాయకత్వంలో ఆ పార్టీకి అధికారమిచ్చింది సస్కాచువాన్. ఇప్పుడు కెనడియన్లు తమ దేశ గుర్తింపుగా చెప్పుకునే ప్రభుత్వ వైద్య బీమాను 1962లో మొదట అమలు చేసిందీ అదే. అల్బెర్టా 1935 నుంచి 1971 దాకా సోషల్ క్రెడిట్ పార్టీని, తర్వాత 2015 దాకా ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లను గెలిపించి, ఆ ఏడాది రేచెల్ నాట్లీ నాయకత్వంలోని న్యూ డెమొక్రాట్లకు పట్టం కట్టింది.

పార్టీలు మారినా మారనిది కేంద్రం మీద కోపం. దానికి గట్టి కారణమే ఉంది. 1905లో అల్బెర్టా, సస్కాచువాన్ ప్రావిన్సులుగా ఏర్పడినా వాటి భూములు, ఖనిజాల మీద హక్కు మిగతా ప్రావిన్సుల్లా వాటికి దక్కలేదు. ఒట్టావా అట్టిపెట్టుకుంది. 1930 దాకా ఇవ్వలేదు. గోధుమల రైలు రవాణా ఛార్జీలు, తూర్పు కర్మాగారాలను కాపాడే సుంకాలు, తూర్పు బ్యాంకుల వడ్డీలు ఒక తరం బాధ. చమురు తర్వాతి తరం బాధ. ఆ కోపమే 1987లో ప్రెస్టన్ మానింగ్ రిఫార్మ్ పార్టీగా రూపుకట్టింది. దాని నినాదం వేర్పాటు కాదు, 'పడమరకూ లోపల చోటు కావాలి' అన్నది. దాని వారసులు పాత ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లతో 2003లో కలిసి నేటి కన్సర్వేటివ్ పార్టీ అయ్యారు. కాల్గరీ ఎంపీ స్టీఫెన్ హార్పర్ 2006 నుంచి 2015 దాకా ప్రధానిగా ఉన్నారు. ఆ తొమ్మిదేళ్ళూ పడమటి అసంతృప్తి చాలావరకు సద్దుమణిగింది. 2019లో లిబరళ్ళకు అల్బెర్టా, సస్కాచువాన్‌లలో మళ్ళీ ఒక్క సీటూ రాకపోవడం, అయినా పియెర్ ట్రూడో కొడుకు జస్టిన్ ట్రూడో ప్రధానిగా కొనసాగడంతో పడమర విడిపోవాలన్న మాట మళ్ళీ వినిపించింది. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు కన్సర్వేటివ్‌లకే వచ్చాయి, 34.3 శాతం. లిబరళ్ళకు 33.1. స్థానాలు మాత్రం లిబరళ్ళకు 157, కన్సర్వేటివ్‌లకు 121. 2021లోనూ అదే కథ. అల్బెర్టాలో భారీ ఆధిక్యాలుగా పోగుపడిన ఓట్లు టొరంటోలో పనికిరాలేదు. 2019లో ఆ నగరంలోని 25 స్థానాలూ లిబరళ్ళవే.

ఒంటారియో దగ్గర ప్రాంతీయ స్వభావం అన్న మాటను మరింత జాగ్రత్తగా వాడాలి. 1997లో అక్కడ లిబరళ్ళు 103 స్థానాలకు 101 గెలిచారు. వచ్చిన ఓట్లు సగానికి కాస్త తక్కువే. కుడిపక్షం ఓటు రిఫార్మ్, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీల మధ్య చీలిపోవడంతో అది సాధ్యమైంది. ఆ రెండూ ఒకటయ్యాక, 2011లో 106 స్థానాల్లో 73 కన్సర్వేటివ్‌లు గెలుచుకున్నారు. టొరంటో చుట్టూ ఉన్న మిసిసాగా, బ్రాంప్టన్, మార్కమ్ లాంటి శివారు పట్టణాలు ఎటు మొగ్గితే ప్రభుత్వం చాలాసార్లు అటే. తెలుగు కుటుంబాలు సహా దక్షిణాసియా వారు పెద్ద సంఖ్యలో స్థిరపడినది ఈ పట్టణాల్లోనే. శాశ్వత నివాస హోదా వచ్చినా పౌరసత్వం తీసుకునేదాకా ఓటు లేదు. భారత్ రెండు పౌరసత్వాలను అనుమతించదు కనుక, అక్కడ ఓటు తెచ్చుకున్న తెలుగువారు ఇక్కడి ఓటును వదులుకున్నట్టే.

పార్టీ పేర్లను చూసి మోసపోకూడదన్నది మరో సంగతి. కెనడాలో ప్రావిన్సు పార్టీలు చాలావరకు కేంద్ర పార్టీలకు శాఖలు కావు. బ్రిటిష్ కొలంబియా లిబరల్ పార్టీ నిజానికి కుడివైపు మొగ్గిన కూటమి, 2023లో పేరే మార్చుకుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ప్రసాద్ పాండా 2015లో కాల్గరీ–ఫుట్‌హిల్స్ ఉప ఎన్నికలో గెలిచి అల్బెర్టా శాసనసభకు వెళ్ళారు, తర్వాత మౌలిక వసతుల మంత్రి అయ్యారు. ఆయన గెలిచిన వైల్డ్‌రోజ్ పార్టీకి కేంద్రంలో ఉనికే లేదు. ఒంటారియోలో 2025 ఫిబ్రవరిలో డగ్ ఫోర్డ్ కన్సర్వేటివ్‌లకు మెజారిటీ ఇచ్చిన ఓటర్లే రెండు నెలలకే కేంద్రానికి లిబరళ్ళను ఎక్కువగా పంపారు. అట్లాంటిక్ తీరంలోని నాలుగు చిన్న ప్రావిన్సులు రిఫార్మ్ పార్టీని ఏనాడూ ఒక్కచోటా గెలిపించలేదు, పాత రెండు పార్టీల సంప్రదాయం అక్కడ ఇంకా బలంగా ఉంది.

స్థానాల పంపిణీలో న్యాయం లేకపోవడమే పడమటి కోపానికి మూలమా? నియోజకవర్గాల పునర్విభజన గురించి ఆందోళన పడుతున్న తెలుగు రాష్ట్రాలకు ఈ ప్రశ్న పనికొస్తుంది. కెనడాలో ఏ ప్రావిన్సుకూ సెనేట్ స్థానాల కంటే తక్కువ ఎంపీలు ఉండకూడదని 1915 నుంచి నియమం ఉంది. అందువల్ల 2021 జనగణనలో సుమారు 1,54,000 జనాభా ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి నలుగురు ఎంపీలున్నారు, ఒక్కొక్కరికి 39 వేల మంది లోపే. అల్బెర్టాలో ఒక్కో ఎంపీకి దాదాపు 1,15,000 మంది. 2021 జనగణన తర్వాత క్యుబెక్ ఒక స్థానం కోల్పోతుందని లెక్క తేలితే, అంతకుముందున్న సంఖ్య ఏ ప్రావిన్సుకూ తగ్గకూడదని 2022లో చట్టం చేసి 78ని నిలబెట్టారు. పెరిగిన ప్రావిన్సులకు కొత్త స్థానాలు ఇచ్చారు, తగ్గేవారి స్థానాలు తీయలేదు. దక్షిణ భారతం అడుగుతున్న రక్షణకు దగ్గరగా ఉన్న ఏర్పాటు ఇది. కానీ సస్కాచువాన్ సంగతి చూడాలి. అక్కడ ఒక్కో ఎంపీకి 81 వేల మందే. జనాభా లెక్కన ఆ ప్రావిన్సుకు రావలసిన దానికంటే ఎక్కువే వచ్చింది. అయినా ఒట్టావా మీద కోపం అల్బెర్టాకు తీసిపోదు. ఎంపీల సంఖ్య ఒక్కటే ఒక ప్రాంతానికి అధికారంలో ఉన్నామన్న భావన ఇవ్వలేదు. వారిలో కొందరైనా పాలక పక్షంలో కూర్చోవాలి.

పద్ధతి మార్చే ప్రయత్నాలు జరగకపోలేదు. బ్రిటిష్ కొలంబియాలో 2005 రెఫరెండంలో 57.7 శాతం మంది మార్పు కోరారు, చట్టం అడిగింది 60. 2018లో మళ్ళీ అడిగితే 61 శాతం పాత పద్ధతే ఉండనివ్వమన్నారు. 2015 ఎన్నికలే ఈ పద్ధతిలో చివరివని హామీ ఇచ్చి, 39.5 శాతం ఓట్లతో 184 స్థానాలు గెలిచిన జస్టిన్ ట్రూడో 2017 ఫిబ్రవరిలో ఆ హామీని వదిలేశారు. అది చిన్న మాట తప్పడం కాదు. లిబరల్ ఓటర్లున్నా లిబరల్ ఎంపీలు అరుదైన అల్బెర్టాకు, కన్సర్వేటివ్ ఓటర్లున్నా ఎంపీలు లేని టొరంటోకు పార్లమెంటులో గొంతు ఇచ్చే అవకాశం అప్పుడు చేతిలో ఉంది.

2025 ఏప్రిల్ 28 ఎన్నికలు ట్రంప్ సుంకాల నీడలో, కెనడా 51వ రాష్ట్రం కావాలన్న ఆయన మాటల మధ్య జరిగాయి. కొద్ది నెలల ముందు ఇరవై పాయింట్లకు పైగా వెనకబడి ఉన్న లిబరళ్ళు మార్క్ కార్నీ నాయకత్వంలో 43.8 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. కన్సర్వేటివ్‌లకు 41.3 వచ్చాయి. లిబరళ్ళు 169 స్థానాల దగ్గర ఆగారు, మెజారిటీకి మూడు తక్కువ. బయటి ముప్పు దేశాన్ని ఒకటి చేసిందని చాలామంది రాశారు. ఓట్లు చూస్తే అందులో కొంత నిజముంది, అల్బెర్టాలో కూడా దాదాపు 28 శాతం లిబరళ్ళకు పడ్డాయి. జనం వేసిన ఓట్ల నిష్పత్తిలో అయితే 37 స్థానాల్లో పది రావాలి. వచ్చినవి రెండు, ఒకటి కాల్గరీలో, ఒకటి ఎడ్మంటన్‌లో. ఎడ్మంటన్ సెంటర్‌లో గెలిచిన ఎలినోర్ ఓల్షెవ్‌స్కీని కార్నీ మంత్రివర్గంలోకి తీసుకున్నారు. 1980లోలా ఈసారి అల్బెర్టా కోసం సెనేట్‌లో వెతకాల్సిన పని పడలేదు.